కృతజ్ఞత కూడికకు వచ్చిన అతిథి

ఊపిరి ఇచ్చిన దేవునికి, ఈ ముసలితనంలోనూ నా నోట పాట ఆరిపోనివ్వని ప్రభువుకు స్తోత్రం.

నా చిన్నప్పుడు మేము బెంగాల్లోని ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్లం. మా మావయ్య వర్క్‌షాపులో ఫిట్టరు. సెలవు దొరికితే మద్రాసు వెళ్లి కార్ల పందేల్లో దిగేవాడు. అంత వేగం మనిషి, మా ఊరి మలంచా రోడ్డు మీద మాత్రం స్కూటరు నడుపుతున్నాడా నెడుతున్నాడా అన్నట్టు పోయేవాడు. “నా రిక్షా ఎక్కు దాదా, తొందరగా దింపేస్తాను” అని రిక్షావాడు ఎగతాళి చేస్తే, “పందేనికి ట్రాక్ ఉన్నాది. ఇక్కడ పిల్లలున్నారు” అని నవ్వేవాడు.

ఆ ఏడు చివరి పందెం మిగిలి ఉండగానే పాయింట్ల లెక్కన ఛాంపియన్ ఆయనేనని తేలిపోయింది. మా అమ్మమ్మ చర్చిలో కృతజ్ఞత కూడిక ప్రకటన చేయించింది. ఆ చివరి పందెంలో మావయ్య ముందు పోతున్న కారు బోల్తాపడి అంటుకుంది. మావయ్య తన కారు ఆపి, లోపల ఇరుక్కున్న డ్రైవరును బయటకు లాగాడు. ఇంతలో వెనక వచ్చిన కారు మావయ్యను గుద్దేసింది. ఆ డ్రైవరు బతికాడు. మావయ్య పెట్టెలో ఇంటికి వచ్చాడు.

సమాధి అయ్యాక, ఆ కృతజ్ఞత కూడికను ఓదార్పు చెప్పే ఆదరణ కూడికగా మార్చమంటారా అని పాస్టరుగారు మెల్లగా అడిగారు.

“నా కొడుకు గెలిసినాడు కదండీ అయ్యగారూ. అనుకున్నదే జరిపించండి” అంది అమ్మమ్మ.

కూడిక రోజు చేతులకు కట్లతో ఒకతను వచ్చి చర్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. మావయ్య లాగినది అతన్నే. ఇతను బతకడానికి మా మావయ్య పోవాలా అని అతనివైపు కోపంగా చూశాను. ఎవరైనా వెళ్లగొడతారేమోనని ఎదురుచూశాను. అమ్మమ్మ లేచి వెళ్లి అతన్ని తీసుకొచ్చి తన పక్కన కూర్చోబెట్టుకుంది. భోజనాల వేళ మొదటి పళ్లెం నా చేతిలో పెట్టి అతనికిమ్మంది. నేను కదల్లేదు.

“మీ మావయ్య ఆడి కోసం బండి ఆపినాడు. నువ్వు పళ్లెం పట్టుకెళ్లలేవేటే?”

తీసుకెళ్లాను. అతను ముద్ద మింగలేక ఏడుస్తుంటే అమ్మమ్మ పాట ఎత్తుకుంది. ఏడుపు పాట కాదు, ఈస్టరు ఉదయం పాడే పునరుత్థానపు పాట. చర్చి అంతా చప్పట్లతో అందుకుంది. మా ఇల్లు ఓడిపోలేదని నాకు అప్పుడే తెలిసింది.

ఇప్పటికీ ఇంకొకరి ఇంట ప్రాణం నిలిచిందని వింటే, మా ఇంట పోయినవాళ్లు గుర్తొచ్చి గుండె ముడుచుకోబోతుంది. ముందు స్తోత్రం చెబుతాను, ఏడవాలంటే ఆ తరవాతే. చదువుతున్న మీరూ నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, మా ప్రియులు ఎవరి కోసం ప్రాణమిచ్చారో, వాళ్లను మా బల్ల దగ్గర కూర్చోబెట్టుకునే మనసు మాకివ్వు. ఆమేన్.