షేకుల తోటబంగళాలో పెద్దమ్మ

పోయిన చలికాలం దోహా నగరంలోని అల్ తుమామాలో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, నేను రోజంతా ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటున్నానని జాలిపడి, దోహాకి ఉత్తరాన ఉన్న ఒక పాత షేకుల తోటబంగళా చూపించడానికి తీసుకెళ్ళింది. గోడలన్నీ కొత్తగా పూశారు, చెట్ల కింద దీపాలు పెట్టారు, ఓ మూల కాఫీ దుకాణం కూడా వెలిసింది. అమ్మాయి నన్ను అక్కడ నిలబడు, ఇక్కడ నిలబడు అంటూ ఫోటోలు తీస్తోంది గానీ నా మనసు అక్కడ లేదు. ఈ ఇంట్లో మనుషులు కాపురం ఉన్న రోజుల్లో, పాతికేళ్ళ వయసులో నేనిక్కడికి వచ్చానంటే అమ్మాయి నమ్మలేదు.

చమురు డబ్బు అప్పుడప్పుడే వరదలా వచ్చిపడుతున్న రోజులవి. మావారు దోహాకి దక్షిణాన మెసయీద్‌లో ఎరువుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. కంపెనీ క్వార్టర్సు, ఏసీ, ఫ్రిజ్జు... మన ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో మన ఊళ్ళలో ఎవరింట్లో ఉన్నాయివన్నీ? అన్నీ ఉన్నాయి, మాట్లాడే మనిషి మాత్రం లేదు. ఆయన డ్యూటీకి వెళితే సాయంత్రం దాకా నేనూ, కిటికీ అవతల ఇసుకా. అలాంటి చోట ఉండగా మా అమ్మ పోయింది. కబురు నాకు అందేసరికి అక్కడ కర్మకాండలన్నీ అయిపోయాయి, ఇక ఎవర్ని చూడ్డానికి వెళ్ళాలి? ఒక్క చుక్క కన్నీరు రాలేదు. వంట చేశాను, గిన్నెలు తోమాను, నెలలు గడిచిపోయాయి. చివరికి ఒకరోజు, నన్ను ఇంటికి పంపించెయ్యండి, మళ్ళీ రాను, అనేశాను. ఆయన బిక్కచచ్చిపోయి, సరే టికెట్టు తీస్తాను, ఈలోగా ఒక్కసారి ఎక్కడికైనా బయటికి వెళదాం అని బతిమాలారు.

ఆయన ఆఫీసులో పనిచేసే ఒక షేకుగారు తమ తోటబంగళాకి రమ్మని ఎప్పటినుంచో పిలుస్తున్నారట. ఒక శుక్రవారం వెళ్ళాం. మట్టీ సముద్రపు రాళ్ళూ కలిపి కట్టిన ఎత్తైన గోడ, చెక్కుడు పని చేసిన పెద్ద తలుపు, అది దాటగానే ఒక్కసారిగా పచ్చదనం, ఖర్జూరాలు, దానిమ్మలు, బావి నుంచి సన్నటి కాలవల్లో పారే నీళ్ళు. నీళ్ళ చప్పుడు విని ఎన్నాళ్ళయిందో! మగవాళ్ళు బయట మజ్లిస్ అనే అతిథుల గదిలో కూర్చుండిపోయారు, నన్ను లోపలి తోటలోకి పంపారు. అంత ఇంట్లోనూ ఉన్నది షేకుగారి తల్లి ఒక్కతే. కొడుకులూ కోడళ్ళూ కొత్త డబ్బుతో పట్నంలో మేడలు కట్టుకుని వెళ్ళిపోతే, ఆవిడ మాత్రం చెట్లని వదిలి రానని మొండికేసిందట. ఇదంతా నాకు చెప్పింది అక్కడి తోటమాలి, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన నడివయసు మనిషి. నా చీరకట్టూ బొట్టూ చూసి "మనోళ్ళేనా అక్కా?" అన్నాడు. ఆ ఒక్క మాటకే నా ఒళ్ళు ఝల్లుమంది.

పెద్దావిడ నన్ను తివాచీ మీద కూర్చోబెట్టి, ఖర్జూరాలు పెట్టి, నా ముఖంలోకి అలా చూస్తూ ఉండిపోయింది. తర్వాత తోటమాలిని ఏదో అడిగింది.

"ముఖం గట్లెందుకున్నదని అడుగుతున్నది పెద్దమ్మ. ఏమైందక్కా?" అన్నాడతను.

మా అమ్మ పోయింది, అన్నాను. అంతవరకూ ఆ మాట నా నోటితో నేను అనలేదు. అతను తనకొచ్చిన కాస్త అరబ్బీలో "ఉమ్ మాఫీ" అన్నాడు. అమ్మ లేదు అని.

పెద్దావిడ లేచింది. నా వెనక్కి వచ్చి కూర్చుని, జడ విప్పి, నూనె రాసి, చిక్కులు తీస్తూ దువ్వడం మొదలుపెట్టింది. జడ వేశాక, పక్క మడిలో గుబురుగా పెరిగిన తులసిలాంటి మొక్క రెమ్మలు తుంచి అందులో దోపబోయింది. అయ్యో రామ! ఆడవాళ్ళు తులసి తలలో పెట్టుకోకూడదని మా అమ్మ నా చిన్నప్పుడు ఎన్నిసార్లు చెయ్యి మీద కొట్టిందో! గభాలున తల పక్కకి లాగేసుకున్నాను. పాపం, ఆవిడ ముఖం చిన్నబోయింది.

"తప్పు కాదక్కా, ఈడ ఆడోళ్ళు జడల పెట్టుకుంటరు. పెద్దమ్మ తన బిడ్డలకు సుత గిట్లనే పెడుతుండెనట. ఇప్పుడు పెట్టించుకునేటోళ్ళు ఎవ్వలు లేరు," అన్నాడు తోటమాలి.

మెల్లిగా మళ్ళీ తల ఆవిడకి అప్పగించాను. ఆ వాసన, నెత్తి మీద ఆ ముడతల వేళ్ళు... అంతే, ఎక్కణ్ణుంచి వచ్చిందో ఏడుపు, బావురుమన్నాను. అమ్మా, అమ్మా అంటూ ఆవిడ ఒళ్ళో పడి చిన్నపిల్లలా ఏడ్చాను. ఆవిడా ఏడ్చింది. దేనికో నాకు తెలియదు, అడగడానికి భాషా లేదు.

తిరిగొస్తూ, టికెట్టు వద్దులెండి అన్నాను. మావారు కారు పక్కకి ఆపేసి, నిజంగానా, నిజంగానా అని అడుగుతూనే ఉన్నారు. మళ్ళీ చలికాలానికి వెళ్ళేసరికి ఆ పెద్ద తలుపుకి తాళం. ఆవిడకి కాలూ చెయ్యీ పడిపోతే కొడుకులు పట్నం తీసుకెళ్ళారని, తోటమాలిని వేరే చోట పనివాళ్ళ క్యాంప్‌కి మార్చారని కావలివాడు చెప్పాడు. తలుపు సందులోంచి చూస్తే కాలవలు ఎండిపోయి కనిపించాయి. చూడండి నా తెలివి, ఆవిడ పేరు కూడా అడగలేదు నేను.

ఇప్పుడు దోహాలో లిఫ్టు ఎక్కితే తెలుగు, దుకాణానికి వెళితే గోంగూర, మల్లెపూలు. ఇంట్లో ఎవరికైనా ఏదైనా అయితే సాయంత్రానికల్లా విమానం ఎక్కి చివరిచూపు అందుకుంటున్నారు. మంచిదే, మేం పడ్డ బాధ ఈ పిల్లలు పడకూడదు. మా అమ్మాయి కూడా, నేనక్కడ ఉన్నన్నాళ్ళూ, శుక్రవారం పూట నా తలకి నూనె రాసేది, దాని చెయ్యి మెత్తగానే ఉంటుంది. కానీ నాకు డెబ్భై దాటాయి. ఏమే పిల్లా, ముఖం అలా ఉందేం, అని నన్ను అడగగలిగిన పెద్దవాళ్ళు ఈ భూమ్మీద ఇంకొక్కరు కూడా మిగల్లేదు.