అల్లుడుగారు గుద్దిన స్తంభం

రాజేశ్వరమ్మ గారి ఎడమ చెవి పనిచెయ్యదు. నరసరావుపేట టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రిటైరయ్యేదాకా ఆ చెవికే హెడ్‌ఫోన్ తగిలించుకుని ఊళ్లకీ ఊళ్లకీ లైన్లు కలిపింది. ఆ ఉద్యోగమే దాన్ని మింగేసిందని ఆవిడ ఫిర్యాదు. కుడిది మాత్రం పాముచెవి. అందుకని ఎవరైనా గిట్టని మాట ఎత్తితే మెల్లిగా ఎడమ చెవి అటు తిప్పి కూర్చుంటుంది. ఈ విద్య కూతురు భానుశ్రీకి చిన్నప్పటి నుంచీ తెలుసు. అల్లుడు ఫణికి ఇంకా తెలియదు. పాపం, అత్తగారికి వినపడలేదేమోనని అతను ప్రతి మాటా రెండుసార్లు చెబుతాడు.

అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని కమ్మింగ్‌లో ఉన్న కూతురింటికి ఆవిడ వేసవి మొదట్లో వచ్చింది. వచ్చేటప్పుడు విమానం పైకి లేచీ లేవగానే పక్క సీట్లో ఉన్న అమ్మాయి చెయ్యి పట్టుకుంది. ఎవరో ఎమ్మెస్ చదువుకోవడానికి వస్తున్న పిల్ల. ఆ చెయ్యి అట్లాంటాలోగానీ వదల్లేదు. ఆ పిల్ల దారి పొడుగునా ఎడమ చేత్తోనే అన్నం తింది. ఈ సంగతి రాజేశ్వరమ్మ గారు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. దేవుడి మీద భారం వేసి హాయిగా నిద్రపోయానని చెప్పింది.

ఇక్కడికి వచ్చాక పొద్దుపోక శనివారం సాయంత్రాలు గరాజ్‌లో చాప పరిచి పిల్లలకి పురాణ కథలు చెప్పడం మొదలుపెట్టింది. మనవరాలు అవని, పక్కింటి నిధి, ఎదురింటి మానవ్, సాన్వి. పిల్లలకి దేవుడంటే నమ్మకం కలగాలని తల్లులు అడిగారు, ఆవిడ ఒప్పుకుంది. కానీ చెప్పే పద్ధతి పూర్తిగా ఎక్స్ఛేంజీ పద్ధతి.

"మా రోజుల్లో ఆర్డినరీ కాల్ బుక్ చేస్తే పొద్దున్నది సాయంత్రానికి వచ్చేది. అర్జెంట్ అయితే గంటలో. ప్రాణం మీదకొస్తే లైట్నింగ్ కాల్, అప్పుడు మిగతా లైన్లన్నీ ఆపి కలపాలి. మొసలి కాలు పట్టుకున్నప్పుడు ఏనుగు బుక్ చేసింది అదే. అందుకే ఆయన చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తాడు."

"ఎలిఫెంట్ ముందే ఎందుకు కాల్ చెయ్యలేదు?" అన్నాడు మానవ్.

"తన బలం మీద నమ్మకం నాయనా. మీ నాన్న దారి తప్పినా ఎవర్నీ అడగడు చూడు, అలాగ."

ఈ జవాబు మానవ్ ఇంటికెళ్లి యథాతథంగా అప్పజెప్పాడు. వాళ్ల నాన్న రెండు వారాలు ఈవిడ ఎదురుపడితే ఫోన్ చూసుకుంటూ వెళ్లిపోయాడు.

అంతా బాగానే ఉంది గానీ ఇంట్లో ఒక చిక్కు వచ్చిపడింది. అవనికి ఏడేళ్లు. పైన తన గది తనకుంది, గులాబీరంగు పరుపుతో సహా. అమ్మమ్మ వచ్చిన రోజు నుంచీ ఆ పరుపు ఖాళీ. అమ్మమ్మ పక్కలో, అమ్మమ్మ చీర కొంగు గుప్పెట్లో పెట్టుకుంటేగానీ నిద్రపోదు. సెప్టెంబరు నెలాఖరుకి ఆవిడ తిరుగు ప్రయాణం.

"నువ్వు ఫ్లైట్ ఎక్కాక దీన్ని నేనేం చెయ్యనమ్మా? ఒక్కతే పడుకోమంటే ఇల్లెగిరిపోయేలా ఏడుస్తుంది. నువ్వే అలవాటు చేశావు, నువ్వే మాన్పించి వెళ్లు" అంది భానుశ్రీ.

రాజేశ్వరమ్మ గారు ఎడమ చెవి తిప్పబోయి ఆగింది. ఆ మాట ఆవిడకి నిజంగానే గుచ్చుకుంది. తను వెళ్లిపోయాక చీకట్లో ఒక్కతే కళ్లు విప్పుకుని పడుకున్న పిల్ల మనసులో మెదిలి, ఆ పూట అన్నం సయించలేదు.

ఆ ఇంటికి వాకిట్లో రెండు పెద్ద తెల్ల స్తంభాలున్నాయి. ఫణి ఆ ఇల్లు కొన్నదే వాటి రాజసం చూసి. అవని గది సరిగ్గా ఎడమ స్తంభం మీద వస్తుంది. రాజేశ్వరమ్మ గారికి అది చూడగానే కథ దొరికింది. ఆ శనివారం ప్రహ్లాదుడి కథ చెప్పింది. హిరణ్యకశిపుడి మీసాల దగ్గర్నుంచి సింహం గోళ్ల దాకా ఏదీ వదలకుండా చెప్పింది. లోపల కాదు, బయట కాదు, పగలు కాదు, రాత్రి కాదు అని వేళ్లు మడుస్తూ చెప్పింది. పిల్లలందరూ వెళ్లాక అవనిని ఒళ్లో కూర్చోబెట్టుకుని చెవిలో మరో మాట కలిపింది.

"మన వాకిట్లో స్తంభంలో కూడా ఉన్నాడే. నీ గది కిందే. రాత్రంతా మేలుకునే ఉంటాడు. నేను ఊరెళ్లినా ఆయన ఎక్కడికీ వెళ్లడు."

అవని లేచి వాకిట్లోకి వెళ్లింది. స్తంభానికి చెవి ఆనించింది. ఒక్క పరుగున వెనక్కి వచ్చింది.

"అమ్మమ్మా, ఉంది! గాడ్ ఉంది! మ్‌మ్‌మ్ అంటోంది!"

"అంటాడు మరి" అంది రాజేశ్వరమ్మ గారు, తన కథకి ఇంత బలముందా అని లోలోపల పొంగిపోతూ. లేచి వెళ్లి తనూ ఒకసారి చెవి పెట్టి చూద్దామని మాత్రం అనుకోలేదు. కథలు చెప్పేవాళ్లకి ఈ జబ్బు ఉంటుంది.

సోమవారం నుంచి అవని రోజూ బడి నుంచి రాగానే స్తంభం దగ్గరికెళ్లి విని వచ్చేది. ఇక నుంచి తన గదిలోనే పడుకుంటానని తనే ప్రకటించి, అన్నట్టే పడుకుంది. భానుశ్రీ తల్లికి చేతులెత్తి దండం పెట్టింది. ఫణికి మాత్రం ఇది మింగుడుపడలేదు. అతను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాడు. ఏదీ ఊరికే నమ్మకపోవడమే అతని ఉద్యోగం, అందుకు జీతం కూడా ఇస్తారు.

"అత్తయ్యగారూ, అది ప్లాస్టిక్ తొడుగండీ. లోపల ఒక కర్ర, మిగతాదంతా ఖాళీ. రేపు అవనికి తెలిస్తే మొత్తం నమ్మకమే పోతుంది."

రాజేశ్వరమ్మ గారు ఎడమ చెవి తిప్పింది.

"లోపల ఖాళీ అండీ" అన్నాడు ఫణి మళ్లీ, కొంచెం గట్టిగా.

శనివారం వచ్చింది. కథ అయిపోయి, పొద్దు వాలుతుండగా, అవని తన స్నేహితులందరినీ వాకిట్లోకి తీసుకెళ్లింది. వెనకాలే అమ్మమ్మా వచ్చి ఓ పక్కన నిలబడింది. స్తంభం దగ్గర లైన్లో నిలబెట్టి ఒక్కొక్కరికీ వంతు ఇస్తోంది. నిధి చెవి పెట్టి కళ్లు పెద్దవి చేసింది. సాన్వి విని, బూట్లు విప్పి పక్కన పెట్టి, మళ్లీ వచ్చి దండం పెట్టింది. ఈ భక్తి ఊరేగింపు ఫణి కిటికీలోంచి చూశాడు. ఇక లాభం లేదని తలుపు తీసుకుని వచ్చి, ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడ్డాడు.

"కిడ్స్, లిసన్. ఇందులో ఏం లేదు. ఇది హాలో. ఇదుగో, చూడండి."

అని చెయ్యి చాచి పిడికిలితో స్తంభాన్ని ఒక్కటి గుద్దాడు. డబ్‌మంది. లోపల రొద ఒక్కసారిగా పెరిగింది. అది ఈసారి చెవి ఆనించకుండానే అందరికీ వినపడింది. వివేకం ఉన్న మనిషి అక్కడ ఆగేవాడు. కానీ రెండుసార్లు చెప్పడం అలవాటైపోయిన చెయ్యి కదా, రెండోదీ గుద్దింది.

స్తంభం పైన, కప్పు కలిసేచోట ఉన్న సందులోంచి తేనెటీగలు బొలబొలమంటూ దిగాయి.

అల్లుడి గురించి ఒక్క మాట ఒప్పుకోవాలి. అతను పరిగెత్తలేదు. పిల్లల్ని ఒక్కొక్కర్నీ రెక్క పట్టుకుని లోపలికి తోశాడు, ఆఖర్న అత్తగారిని కూడా తోశాడు, తను చివరికి లోపలికొచ్చి తలుపు మూశాడు. ఆ ఈగలు కుట్టాల్సినవన్నీ అతన్నే కుట్టాయి. పై పెదవి, కన్ను, చెవి, గుద్దిన చెయ్యి.

పిల్లలు కిటికీ అద్దానికి ముక్కులు అతికించి చూస్తున్నారు. నిధి మెల్లిగా వేళ్లు మడవడం మొదలుపెట్టింది.

"లోపల కాదు, బయట కాదు. పగలు కాదు, రాత్రి కాదు. ఓ మై గాడ్ అవనీ, మీ డాడ్ డీమన్ కింగ్!"

"కాదు!" అంది అవని, ఏడుపు మొహంతో. "మా డాడీ నన్ను ఫస్ట్ తోశాడు."

భానుశ్రీ మొగుడి పెదవికి ఐసుముక్కలు పెడుతూ, నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగింది. రాజేశ్వరమ్మ గారు పూజగదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. దండం పెట్టుకోవడానికే వెళ్లింది గానీ, లోపల్నుంచి కొంతసేపు వినపడింది మాత్రం నవ్వే.

సోమవారం వాల్టర్ అనే ముసలాయన తెల్ల ముసుగు వేసుకుని వచ్చాడు. ఈగల్ని చంపకుండా పట్టుకెళ్లి పెంచుకుంటాడట. డాక్టర్లు వాడే స్టెతస్కోప్ స్తంభానికి ఆనించి విని, అవని చెవికి కూడా పెట్టాడు. వసంతకాలం నుంచే ఇవి ఇక్కడ కాపురం ఉంటున్నాయని, ఎవరూ గుద్దకపోతే ఎవర్నీ ఏమీ అనవని చెప్పాడు. ఆ మాట అన్నప్పుడు ఫణి తన బూట్లు చూసుకున్నాడు. వాల్టర్ తొడుగు కోసి, పట్టులన్నీ తీసి పెట్టెల్లో సర్దుకుని, ఒక తేనె సీసా అవని చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

అవని స్తంభానికి చెవి పెట్టింది. తీసేసి మళ్లీ పెట్టింది.

"అమ్మమ్మా, సైలెంట్. హి లెఫ్ట్."

ఆ సాయంత్రం పిల్ల తన దుప్పటి, బొమ్మ చంకన పెట్టుకుని అమ్మమ్మ గదిలోకి తిరిగొచ్చేసింది. "అది బీస్ అని నీకు తెలుసా, అమ్మమ్మా?" అని అడిగింది.

రాజేశ్వరమ్మ గారికి తిప్పడానికి చెవి దొరకలేదు. పిల్ల కుడివైపునే ఉంది.

"తెలీదే. నేనసలు వినలేదు. నువ్వొచ్చి ఉందని చెప్పినా వెళ్లి చెవి పెట్టలేదు" అంది. సిగ్గుతో ఆవిడ మొహం ఎర్రబడింది. ఇన్నేళ్లుగా ఎంతమంది పిల్లలకి ఈ కథ చెప్పిందో లెక్కలేదు. ఒక్కసారైనా ఏ స్తంభానికీ తను చెవి ఆనించిన పాపాన పోలేదు.

"పద" అని లేచింది.

ఇద్దరూ వాకిట్లోకి వెళ్లేసరికి అక్కడ ఫణి ఉన్నాడు. కోసిన తొడుగుని తిరిగి బిగించి టేప్ వేస్తున్నాడు. పెదవి ఇంకా బూరెలా ఉంది.

"డాడీ, నువ్వు టెస్ట్ చెయ్యి" అంది అవని. "కొట్టకుండా."

ఫణి కూతుర్ని చూశాడు, అత్తగారిని చూశాడు. టేపు కింద పెట్టి, స్తంభానికి చెవి ఆనించాడు. ఊరికే ఒక్క క్షణం కాదు, కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు.

"ఏదో ఉంది" అన్నాడు చివరికి. "చాలా సన్నగా."

అవని పెట్టింది. ఇందాకటిలా తొందరపడలేదు. కాసేపటికి దాని మొహం విప్పారింది. "ఉంది! బీస్ వెళ్లినా ఉంది!"

రాజేశ్వరమ్మ గారు కుడి చెవి ఆనించింది. ఎక్స్ఛేంజీలో లైను కలిశాక, అవతలివాళ్లు ఇంకా మాట్లాడకముందు, హెడ్‌ఫోన్‌లో సన్నటి రొద ఒకటి ఉండేది. అలాంటిదే వినపడింది. ఆవిడకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

బోలు గొట్టానికి చెవి పెడితే గాలి చప్పుడు ఎప్పుడూ వినపడుతుందని ఫణికి తెలుసు. ఆ మాట మాత్రం అనలేదు. ఎందుకనలేదని తర్వాత భానుశ్రీ అడిగితే, పెదవి వాచి మాట రాలేదన్నాడు.

అవని ఆ రోజు తన గదిలో పడుకుంది, తెల్లారేదాకా లేవలేదు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. కొంగు పట్టుకునే చెయ్యి లేక నిద్రపట్టనిది ఇప్పుడు అమ్మమ్మకే. పొద్దున్నే కాఫీ దగ్గర ఆవులిస్తుంటే, పరుపు మెత్తగా లేదని నెపం దాని మీదకి నెట్టేసింది.

ప్రయాణం రోజు ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ లైను దగ్గర అందరూ ఆగారు. రాజేశ్వరమ్మ గారు నవ్వుతూనే ఉంది గానీ ఒక చేత్తో పాస్‌పోర్ట్ సంచిలో పెట్టడం, మళ్లీ తియ్యడం చేస్తోంది. పెద్దవాళ్లెవరూ గమనించలేదు. అవని వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"అమ్మమ్మా, యు ఆర్ స్కేర్డ్."

"ఛ, నాకేం భయం."

అవని మెల్లిగా అమ్మమ్మ కుడి వైపుకి నడిచి వచ్చి, వంగమని, చెవిలో చెప్పింది. "ప్లేన్‌కి కూడా వాల్ ఉంటుంది. చెవి పెట్టు. తొందరపడకు, వెయిట్ చెయ్యాలి."

ఆవిడది కిటికీ సీటు. పక్కన ఒక పెద్దమనిషి కోటు విప్పి, చేతులు సీటు మీద ఆనించుకుని కూర్చున్నాడు. విమానం ఊగి పరుగందుకుంది. రాజేశ్వరమ్మ గారి చెయ్యి దానంతటదే ఆయన చేతి వైపు సగం దాకా వెళ్లింది. అక్కడ ఆగింది. వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. మెడ తిప్పి, కుడి చెవి కిటికీ పక్క గోడకి ఆనించి, కళ్లు మూసుకుంది.

పైకి లేచాక ఎయిర్‌హోస్టెస్ వచ్చి భుజం తట్టి, ఒంట్లో బాగానే ఉందా అని అడిగింది. రాజేశ్వరమ్మ గారు కళ్లు తెరవకుండానే, మాట్లాడొద్దన్నట్టు వేలెత్తి చూపించింది.

"ఉండమ్మా" అంది. "లైను కలిసింది."