మైలు మూడు దగ్గర ఆగిన బండి

ఆటర్ వాగు కొండదారిలో పోలీసు లేడు, ఎర్రదీపం లేదు. ఉన్నదల్లా బండ్లవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకునే సీబీ రేడియో. పైనుంచి దుంగలతో దిగే లారీవాడు మైకు అందుకుని "లోడు, పన్నెండు" అంటాడు. పన్నెండో మైలురాయి దగ్గర ఉన్నానని అర్థం. కిందనుంచి ఖాళీగా ఎక్కేవాడు "ఖాళీ, మూడు" అంటాడు. ఒక పక్క రాతిగట్టు, ఒక పక్క లోయ, మధ్యలో ఒక్క బండికే చోటు. లోడు మాట చెవిన పడగానే ఖాళీ బండి దగ్గర్లోని పక్కజాగాలోకి తప్పుకుని, లోడు దిగిపోయేదాకా ఆగాలి. చర్చి ఎగ్గొట్టినవాణ్ణయినా ఆ కొండవాళ్ళు క్షమిస్తారు గాని మైలు పిలవనివాణ్ణి క్షమించరు.

ఆల్మా క్రోగ్‌స్టాడ్ ఆ దారిలో ఏడేళ్ళుగా పికప్ నడుపుతోంది. పైన చెట్లు కొట్టేవాళ్ళకి డీజిలు, రంపపు గొలుసులు, వేడి కాఫీ, మధ్యాహ్నపు తిండి చేరవేయడం ఆమె పని. ఆమె బండిలో రేడియో బిగించింది మొగుడు వెర్లిన్, అదే కొండ మీద దుంగల లారీ నడిపేవాడు. లారీలకి చాలు, పికప్‌కి కూడా ఎందుకయ్యా అని అందరూ నవ్వినా వినలేదు. ఒక ఆదివారమంతా బండి కింద పడుకుని తీగలు లాగి, కప్పు మీద ఏరియల్ నిలబెట్టాడు. ఆ తర్వాత నెల రోజులు పాఠాలు.

"మీట నొక్కు. రెండు ముక్కలు చెప్పు. మీట వదులు. నొక్కి పట్టుకున్నంతసేపూ నీకేమీ వినబడదు, తెలిసిందా?"

"నీకు నొక్కకపోయినా వినబడదుగా" అనేది ఆల్మా.

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. వెర్లిన్ మనసు వెన్న. కానీ నోరు విప్పాడంటే ఎదుటివాడికి సందు దొరకదు. భోజనాల బల్ల దగ్గర కూడా మైకు ముందున్నట్టే మాట్లాడేవాడు. రేడియోలో ఆల్మా కూడా తక్కువేమీ తినలేదు. ఎక్కుతున్నంతసేపూ ఎవరి పెళ్ళాం నీళ్ళోసుకుంది, ఎవరి కుక్క తప్పిపోయింది అన్నీ చెప్పేది. అందుకే కొండంతా ఆమెని పిచ్చుక అని పిలిచేవాళ్ళు.

పిచ్చుకకి ఒక పాడు అలవాటుంది. లోడు ఎక్కడో పైన ఉందని వినబడితే, మూడో మైలు పక్కజాగాలో ఆగకుండా నాలుగున్నర దగ్గరున్న తర్వాతి జాగా దాకా ఉరికేది. పది నిమిషాలు మిగులుతాయని ఆమె లెక్క. డెబ్బై తొమ్మిది అక్టోబరులో ఒక పొద్దున, అట్ల మీద పాకం పోసుకుంటూ వెర్లిన్ ఆ సంగతే ఎత్తాడు.

"నిన్న మళ్ళీ నాలుగున్నర దాకా వచ్చేశావు. ఏదో ఒకరోజు నిన్ను నా బంపరు మీంచి గీకాల్సొస్తుంది."

"కాఫీ చల్లారితే నామీద అరిచేది మీవాళ్ళే కదయ్యా."

"అరవనీ. నీకు చెప్పడం కంటే ఆ దుంగలకి చెప్పుకోవడం నయం." తలుపు ధడేలుమని వేసి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం ఆల్మా "ఖాళీ, రెండు" అని పిలిచింది. "లోడు, తొమ్మిది" అన్నాడు వెర్లిన్. మామూలు గొంతే. తొమ్మిదంటే చాలా దూరం, హాయిగా నాలుగున్నర చేరొచ్చు. కాలు యాక్సిలరేటర్ మీదే ఉంది. పొద్దుటి తలుపు చప్పుడు గుర్తొచ్చి, సరేలే, ఈ ఒక్కరోజూ ఆయన మాటే నెగ్గనీ అనుకుంటూ మూడో మైలు జాగాలోకి తిప్పింది. ఇంజను ఆపి, కప్పులో కాఫీ పోసుకుంది.

అప్పుడు రేడియో మళ్ళీ పలికింది.

"గేరు పడలేదు! ఒరేయ్, న్యూట్రల్‌లో పోతున్నాను, గేరు దొరకట్లేదు! బ్రేకుల్లోంచి పొగలొస్తున్నాయి! ఎనిమిది దాటాను!"

కాఫీ ఒళ్ళో పడింది. కాలిందని కూడా ఆమెకి తెలియలేదు. మైకు లాక్కుంది.

"వెర్లిన్! నేను మూడులో ఆగాను! దారి ఖాళీ! నేరుగా దిగిపో!"

మూడు దాటి దిగితే గడ్డిమైదానం. పోయినేడు లారీ నడిపే ముసలి హోబర్ట్ ఇలాగే బ్రేకులు పోయి దిగి, ఆ గడ్డిలో అరమైలు దొర్లించుకుంటూ పోయి ఆగాడు. రెండు పళ్ళు పోయాయి, అంతే. ఐదు నుంచి కిందికి మలుపులు కూడా పెద్దగా లేవు. దారి ఖాళీగా ఉందని తెలిస్తే చాలు, వెర్లిన్ బతికిపోతాడు.

మీట వదిలి వింది.

"...పిచ్చుకా, పక్కకి పో! నువ్వు నాలుగు దాటేసుంటావు, నాకు తెలుసు! వెనక్కి తియ్యి! నా మాట విను, ఈ ఒక్కసారి విను! ఏడు!"

ఎక్కడా ఊపిరి తీసుకోవడం లేదు. రేడియోలో ఆ చిన్న టిక్కుమనే చప్పుడు, మీట వదిలినప్పటి చప్పుడు, రావడమే లేదు. ఆల్మాకి అర్థమయ్యేసరికి పైప్రాణాలు పైనే పోయాయి. అతను ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో మైకు పట్టుకున్నాడు. భయానికి బొటనవేలు మీట మీద బిగుసుకుపోయింది. అతను చెప్పేది కొండంతా వింటోంది. అతనికి మాత్రం ఎవరి మాటా చేరదు.

"మీట వదులు! వెర్లిన్, మీట వదలవయ్యా! నీ కాళ్ళు పట్టుకుంటా, ఒక్క క్షణం వదులు!"

"...ఆరు! ఆల్మా, పలకవేమే! పలుకు!"

"పలుకుతూనే ఉన్నానురా తండ్రీ!" గొంతు చించుకుని అరిచింది. హారను నొక్కి పట్టుకుంది. మూడు మైళ్ళ రాయీ చెట్టూ దాటి హారను ఎక్కడ వినబడుతుంది? దీపాలు వెలిగించి ఆర్పింది. ఎవరికి కనబడతాయి? దేవుణ్ణి అడిగింది, తిట్టింది. అతను దగ్గుతాడేమో, మైకు జారిపడుతుందేమో అని చెవి రేడియోకి ఆనించి కాచుకుంది. ఏదీ జరగలేదు.

"ఆల్మా." ఈసారి అరవలేదు. "నీమీదికి రాను. ఐదు దగ్గర గట్టుకి కొట్టేస్తాను. కళ్ళు మూసుకో, చూడకు."

"వద్దు, వద్దు, వద్దు..."

రేడియో ఆగిపోయింది. కాసేపటికి కొండ మీంచి నిజమైన చప్పుడు వచ్చింది.

ఆమె వెళ్ళేసరికి దుంగలు వెనకనుంచి దూసుకొచ్చి డ్రైవరు గదిని రాతిగట్టుకి అదిమేశాయి. వెర్లిన్ నడుము దాకా ఇనుములో ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆమె పగిలిన కిటికీలోంచి చెయ్యి పెట్టి అతని మొహం పట్టుకుంది.

"తగిలిందా నీకు?" అన్నాడు.

"లేదు."

"ఎక్కడున్నావు?"

మూడులో ఉన్నాను, నువ్వు చెప్పినట్టే ఆగాను, అరిచి అరిచి చచ్చాను, దారంతా ఖాళీగానే ఉంది అనాలి. అది విని ఈ మనిషి ఏమైపోతాడు? పైనుంచి పనివాళ్ళ బండి వచ్చి ఆగింది. మనుషులు గొడ్డళ్ళూ గునపాలూ పట్టుకుని పరిగెత్తుకొస్తున్నారు.

"ఆ మలుపు కిందే ఉన్నాను. నాలుగు దాటేశాను, ఎప్పటిలాగే" అంది. "ఇంకో క్షణమైతే నామీదికి వచ్చేవాడివి."

వెర్లిన్ నవ్వబోయాడు. "చూశారట్రా" అన్నాడు వచ్చినవాళ్ళతో. "చెప్తే వినదు. పొద్దున కూడా చెప్పాను." తలుపు ఊడదీయడం పూర్తవకముందే పోయాడు.

ఆ మాట కొండ దిగి ఊళ్ళోకి వచ్చింది. ఆల్మా రూలు తప్పింది, మొగుణ్ణి చంపుకుంది అన్నారు. అంత్యక్రియల్లో ఎవరూ ఆమె బెంచీ మీద కూర్చోలేదు. పని తీసేశారు. పికప్ అమ్మేసే ముందు రేడియో విప్పి అటక మీద పెట్టింది. ఎవరూ మాట్లాడని ఊళ్ళో పిచ్చుకకి మాటలు పడిపోయాయి.

ఒక్క హోబర్ట్ మాత్రం ఆమె ఇంటికి వచ్చాడు. ఆవేళ అతని లారీ కింద మొదటి మైలు దగ్గర ఉంది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే రేడియోలో దగ్గరి గొంతే పైకి తేలుతుంది; పైనున్నవాళ్ళకి వెర్లిన్ గొంతే వినబడింది.

"నేను విన్నానే పిల్లా. మూడులో ఉన్నానన్నావు, దిగిపొమ్మన్నావు. ఊళ్ళో చెప్పేస్తాను. ఈ కుక్కల నోళ్ళు మూయిస్తాను."

"వద్దు బాబాయ్."

"ఎందుకొద్దూ? నీ తప్పు ఇసుమంత లేదు!"

"నువ్వు చెబితే ఆయన ఊరికే పోయినట్టు కాదూ?" అంది. హోబర్ట్ టోపీ చేతిలో నలుపుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ తర్వాత అతనూ ఎవరికీ చెప్పలేదు.

వెర్లిన్ తల్లి హుల్దాకి అప్పటికే చూపు మందగించింది. ఆమెకి ఇంకెవరూ లేరు. ఆల్మా ప్రతి శనివారం సరుకులు తీసుకెళ్ళి, వంటచేసి, ఇల్లు తుడిచి వచ్చేది. మొదటి ఏడాది అత్త ఒక్క మాటా మాట్లాడలేదు. రెండో ఏడు శీతాకాలంలో ఒకరోజు చేపల పులుసు ముందు పెట్టుకుని, చెంచా ముట్టకుండా అడిగింది.

"ఒక్క పది నిమిషాలు. ఆగలేకపోయావా?"

ఆల్మా చేతిలోని గిన్నె పక్కన పెట్టింది.

"ఆగలేకపోయాను అత్తయ్యా."

"నా బిడ్డ ఆగాడు. నీకోసం ఆగాడే."

"అవును" అంది ఆల్మా. "నాకోసమే ఆగాడు."

ముసలావిడ చెంచా అందుకుని తినడం మొదలుపెట్టింది.