ఆ గొంతు దిగలేదు, స్క్రూ తిప్పింది నేను

డెబ్బై దాటిన మనిషి చాలా ఏళ్ల మౌనం తర్వాత మళ్లీ మైకు ముందు నిలబడి పాడితే, సిద్దిపేటలో టైర్ల దుకాణం మేడ మీద కూర్చున్న ముగ్గురం ఆయన్ని ఇక ఇంట్లో కూర్చోమన్నాం. నాలుగోవాడు కాదన్నాడు. వాణ్ని కూడా తిట్టి పంపించాం. వాడి మాటే నిజమని ఆ గదిలో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. తెలిసి కూడా అందరికంటే గట్టిగా నవ్వాను. ఇది రాస్తున్నది ఆ నవ్వు గురించి.

మాది హెవీ మెటల్ పిచ్చి. బ్యాండ్ అంటే పెండ్లి ఊరేగింపే గుర్తొచ్చే ఊళ్లో, డిగ్రీ చదివే రోజుల్లో మాకీ పిచ్చి ఎక్కించింది ఒకే ఒక్క క్యాసెట్. మా నలుగురిలో ఒకడిది మగ్గం నేసే ఇల్లు. వాడి మేనమామ దుబాయ్ నుంచి వస్తూ ఒక టేప్ రికార్డరూ, అక్కడ గదిలో తోడున్నవాడెవరో ఇచ్చిన ఆ ఇంగ్లిష్ బ్యాండ్ కంపెనీ క్యాసెట్టూ తెచ్చాడు. అట్ట మీద పొడుగు జుట్లవాళ్లు, వెనకాల మంటలు. వాళ్లింట్లో నేల మీద కూర్చుని మేం మొదటిసారి వింటున్నప్పుడు పక్క గదిలో మగ్గం చప్పుడు ఆగింది. వాళ్ల బాపు గుమ్మం దగ్గరికి వచ్చి కాసేపు విన్నాడు.

"ఏందిరా, గా ఆయనను ఎవలన్న కొడుతున్నరా? గట్ల మొత్తుకుంటుండు?"

"బాపూ, గది పాటనే."

"పాటనా? గట్లయితే జర మంచినీళ్లన్న తాపున్రి పాపం."

ఆయన మళ్లీ మగ్గం గుంటలోకి దిగాడు. మేం మాత్రం ఆ రోజు నుంచి మనుషులం కాలేదు.

అప్పటికే నేను చదువు మధ్యలో వదిలేసి బస్టాండు దగ్గర క్యాసెట్లు నింపే దుకాణం పెట్టుకున్నాను. రెండు టేపు డెక్కులుండేవి. ఒకదాంట్లో అసలు తిరుగుతుంటే రెండోదాంట్లో నకలు ఎక్కేది. ఆ క్యాసెట్‌కు నకళ్లు అడిగేవాళ్లు కాలేజీ నిండా తయారయ్యారు. చిక్కల్లా ఒక్కటే. అసలుది అరవై నాలుగు నిమిషాలు, మా ఊళ్లో దొరికే ఖాళీ క్యాసెట్ అరవై. రెండు వైపులా చివరి పాట తోక తెగిపోయేది. ఇప్పుడు టైర్ల దుకాణం నడుపుతున్న మా మిత్రుడు రోజూ వచ్చి పోరు పెట్టేవాడు.

"అరేయ్, గా ఆఖరి పాట తోక ఏడ దాసినవురా? మీ ఇంట్లనే పెట్టుకున్నవా?"

డెక్కు మోటారుకు వెనకవైపు సూది దూరేంత రంధ్రం ఉంటుంది. లోపల చిన్న స్క్రూ. సన్నటి స్క్రూడ్రైవర్‌తో కొద్దిగా తిప్పితే మోటారు వేగం పెరుగుతుంది. అసలు క్యాసెట్‌ను అలా ఉరికించి, మామూలు వేగంలో ఉన్న రెండో డెక్కులో నింపాను. అరవై నాలుగు నిమిషాలు అరవైలో పట్టాయి. తోకలు తెగలేదు. అయితే టేపు ఉరికితే గొంతు కూడా పైకి పోతుంది. గాయకుడి శ్రుతి ఒక మెట్టు ఎక్కింది, డ్రమ్ములు పరుగందుకున్నాయి. చెప్పొద్దూ, వినడానికి జోరుగానే ఉంది. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఎవరికీ చెప్పలేదు. సిద్దిపేటలో ఆ బ్యాండ్‌ను విన్న ప్రతివాడూ విన్నది నా స్క్రూ తిప్పిన నకలునే. సరైన పాట ఉన్నది ఒక్క మగ్గం ఇంట్లోనే.

తేడా పట్టుకున్నవాడు ఆ ఇంటివాడొక్కడే. ఒకరోజు దుకాణానికి వచ్చి నా డెక్కు ముందు చెవి పెట్టి నిలబడ్డాడు.

"అరేయ్, నీ క్యాసెట్ల గీ పాట ఉరుకుతుందేందిరా? మా ఇంట్ల గిట్ల లేదు."

నా ఎదుట అప్పుడు ముగ్గురు గిరాకీలున్నారు. నకలు సరిగ్గా లేదని తెలిస్తే దుకాణం పరువేం కావాలి? ఆలోచించకుండా అనేశాను.

"మీ టేపు బెల్టు సాగిందిరా. గందుకే మెల్లగ తిరుగుతుంది. మార్పియ్యి."

వాడు నమ్మాడు. నన్ను నమ్మకపోతే ఎవర్ని నమ్ముతాడు, ఊరికంతటికీ పాటలు నింపేవాణ్ని నేను.

అక్కడితో ఆగినా బాగుండేది. వాడు హైదరాబాద్ వెళ్లి ఒక పాత గిటార్ కొనుక్కొచ్చాడు. ఇంట్లో తన క్యాసెట్ పక్కన పెట్టుకుని, తీగెలు దానికే సరిపెట్టుకుని, నెలల తరబడి ఆ మొదటి పాట నేర్చుకున్నాడు. కాలేజీ వార్షికోత్సవంలో టేపు వేసి దాంతోపాటు వాయించాలని మా పథకం. ప్రాక్టీసు నా దుకాణంలో, నా డెక్కు మీద, నా నకలుతో. వాడు వాయించడం మొదలుపెట్టగానే రెండూ కలవలేదు. టేపు ఒక దారి, గిటార్ ఒక దారి. మళ్లీ వాయించాడు. మళ్లీ కలవలేదు. వాడి నుదురు చెమటపట్టింది. మిగతా ఇద్దరూ చెవులు మూసుకుని పడీ పడీ నవ్వారు. ఎందుకు కలవడం లేదో నాకు తెలుసు. స్క్రూ వెనక్కి తిప్పి వాడి క్యాసెట్ వేస్తే సరిపోయేది. నేనేమన్నానో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"నీకు సుతి లేదురా. ఇడిసిపెట్టు."

కొన్నాళ్లకు వాళ్లింటి గోడ మీద గిటార్ కనిపించలేదు. ఏమైందని నేను అడగలేదు.

క్యాసెట్ల కాలం పోయింది, నా దుకాణం మూతపడింది. ఇప్పుడు అదే బజారులో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నాను. ఆ నకలును కంప్యూటర్‌లోకి ఎక్కించి మా నలుగురి వాట్సాప్ గ్రూపులో పెట్టింది కూడా నేనే. ఫోన్లలో అసలు ఆల్బమ్ దొరకడం మొదలయ్యాక, జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మా మిత్రుడు అది నెమ్మదిగా ఉందన్నాడు. కంపెనీవాళ్లు పాత పాటల్ని మళ్లీ కడిగి, మెత్తబరిచి వదిలారని చెప్పాను. రెండో అబద్ధం మొదటిదాని కంటే సులువుగా వచ్చింది. అందరూ కంపెనీని తిట్టుకుని నా నకలునే వింటూ వచ్చారు.

ఈ ఏడాది ఆ బ్యాండ్ కొత్త ఆల్బమ్ వచ్చింది. ఆదివారం పొద్దున టైర్ల దుకాణం మేడ మీద, పెద్ద స్పీకర్ల ముందు నలుగురం కూర్చున్నాం. చివరి పాట అయ్యాక ముందు నోరు తెరిచింది టైర్లవాడు.

"ఏందిరా గిది? లోడు ట్రాక్టర్ చడావ్ ఎక్కినట్టుంది. ఇగ వీళ్లకు పింఛను రాయించుడే."

"సుతి ఒక మెట్టు దించి పాడుతుండు," అన్నాడు ఫిజిక్స్ లెక్చరర్. "పై గొంతు అందుతలేదు. పాతదాంట్ల, కొత్తదాంట్ల ఎక్కిన పై సుతిని పక్కపక్కకు వెట్టి ఫోన్ల యాప్‌తోటి చూసిన. సైన్స్ అబద్ధం చెప్తదా?"

మగ్గం మిత్రుడు టీ గ్లాసు చేతిలో తిప్పుతూ ఉన్నాడు.

"నాకు గట్ల అనిపిస్తలేదు. ముందుగాల గూడ ఆయన గొంతు గిదే, గింతే బరువు. ముసలోడైండు, లేదంట లేను. నడుమ నడుమ దమ్ము తీసుకుంటుండు. కని సుతి మాత్రం దిగలే."

"నీకేం తెలుస్తదిరా? మగ్గం చప్పుడుకు నీ చెవులు ఎన్నడో పోయినయి," అన్నాడు టైర్లవాడు.

"వీళ్ల టేపు బెల్టు ఇంక మార్పియ్యలేదు మామా," అని లెక్చరర్ అందుకున్నాడు.

మగ్గం మిత్రుడు నావైపు తిరిగాడు. "నువ్వు చెప్పురా. క్యాసెట్ నింపినోనివి నువ్వు. నీకెర్కనే గద."

ముప్ఫై ఏళ్ల తర్వాత అదే ప్రశ్న మళ్లీ నా ముందుకు వచ్చింది. ఈసారి గిరాకీలు లేరు, దుకాణమే లేదు. పోయే పరువంటూ ఏమీ లేదు. అయినా ఈ నోరు ఏమందో చూడండి.

"నీ సుతి సంగతి గిటార్ నాడే తెల్వలేదా మామా?"

మిగతా ఇద్దరూ విరగబడి నవ్వారు. అందరికంటే గట్టిగా నేను. వాడు టీ పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టి, చెప్పులు వేసుకుని మెట్లు దిగాడు. మధ్యాహ్నానికి గ్రూపు నుంచి కూడా వెళ్లిపోయాడు.

రెండు రోజులకు లెక్చరర్ ఫేస్‌బుక్‌లో పెద్ద వ్యాసం పెట్టాడు. ఆ గాయకుడి పని అయిపోయిందనీ, సిగ్గుంటే ఆల్బమ్ తీయకుండా ఉండాల్సిందనీ. సాక్ష్యంగా మా నకలు ముక్కను, కొత్త పాట ముక్కను పక్కపక్కన పెట్టాడు. ఎవరెవరో వచ్చి ఆ ముసలాయన్ని ఎగతాళి చేశారు. చదువుతుంటే నా ఒళ్లు మండింది. బతికినన్నాళ్లూ తన గొంతుతో తాను పాడుకున్న మనిషి ఆయన. ఆయన ఎన్నడూ పాడని శ్రుతిని ఆయన నెత్తిన రుద్ది, అది అందుకోలేదని దోషిని చేస్తారా? ఎవరు రుద్దారని? బస్టాండు దగ్గర ఒక స్క్రూడ్రైవర్ పట్టుకున్నవాడు. వాళ్ల మీద వచ్చిన కోపం తిరిగి తిరిగి నా మీదికే వచ్చి పడింది.

అటక మీది పాత డెక్కు దించి చూశాను. భూతద్దం పెట్టి వెనక రంధ్రంలోకి చూస్తే స్క్రూ నేను తిప్పిన చోటే ఉంది. మర్నాడు మగ్గం మిత్రుడి ఇంటికి వెళ్లాను. వాడు చీర కొంగు మీద తల మీద కుండ పెట్టుకున్న గొల్లభామ బొమ్మ నేస్తున్నాడు. నిలబడే మొత్తం చెప్పాను, స్క్రూ, బెల్టు, గిటార్, అన్నీ. వింటున్నంతసేపూ వాడు పోగులు లెక్కపెట్టుకుంటూనే ఉన్నాడు. బొమ్మ వరుస పూర్తయ్యాక చేతులాపాడు.

"బెల్టు రెండుసార్లు మార్పించిన," అన్నాడు. "మెకానిక్ మంచిగనే ఉన్నదన్నడు. నీకేం తెల్వదని నేనే ఆయనతోటి కొట్లాడిన."

వాడు తెగిన పోగొకటి ముడివేశాడు.

"మా చెల్లె పెండ్లిల అందరు పాట పాడుమంటే, నాకు సుతి లేదు, రాదన్న. భజనల గూడ నోరు మెదపను. మంది నడుమ పాడుడే ఇడిసిపెట్టిన." ముడి బిగించాడు. "నువ్వు గది తెలిసి అన్నవు."

"తప్పైందిరా."

"నాకు చెప్పుడు గాదు. గాడ చెప్పు, వాళ్ల ముంగట."

బీరువాలోంచి ఒక బిస్కట్ల డబ్బా తీసి, అందులోని ఆ దుబాయ్ క్యాసెట్ నా చేతిలో పెట్టాడు. అట్ట మీది మంటల రంగు వెలిసిపోయింది.

ఆదివారం డెక్కు మోసుకుని టైర్ల దుకాణం మేడ ఎక్కాను. స్క్రూ తిప్పి ఉన్నప్పుడు ఎలా ఉందో ముందు వినిపించాను. తర్వాత సరిచేసి వినిపించాను. ఆ వెంటనే కొత్త ఆల్బమ్ వేశాను. లెక్చరర్ యాప్‌లోనే చూపించాను. శ్రుతి అంగుళం కూడా దిగలేదు. వాళ్లు సిగ్గుపడతారనుకున్నాను.

టైర్లవాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "అరె మామా! అంటే గా ఇంగ్లిషోళ్ల కంటె మన సిద్దిపేట బ్యాండే ఫాస్ట్ అన్నట్టు!"

"నిజం చెప్పాల్నంటే మన కాపీనే బాగుంది," అన్నాడు లెక్చరర్. "అసలుది గిట్ల ఉండాల్సింది."

"వానికి ఫోన్ చేసి తప్పైందని చెప్పున్రిరా," అన్నాను.

"ఊకో మామా, గిదొక ముచ్చటనా? గవన్ని పోరగాండ్లప్పటి కతలు," అన్నాడు టైర్లవాడు.

"గా ఫేస్‌బుక్‌ల పెట్టింది తియ్యి మరి," అన్నాను లెక్చరర్‌తో.

"మస్తు మంది మెచ్చుకున్నరు. ఇప్పుడు తీస్తే ఇజ్జత్ పోతది."

ఇజ్జత్! అదే మాట కోసం ముప్ఫై ఏళ్ల కింద నేనొక మనిషి చెవుల్ని దొంగిలించాను. ఇప్పుడు ఇంకొకడు అదే మాటతో ఆ దొంగతనాన్ని కాపాడుతున్నాడు. మనిషి పాట మానేస్తే అది పోరగాండ్లప్పటి కత, వీడి వ్యాసం తీసేస్తే మాత్రం పోయేది పరువు. డెక్కు ఎత్తుకుని మెట్లు దిగి వచ్చేశాను. వెనకనుంచి టైర్లవాడు టీ తాగి పొమ్మని పిలుస్తూనే ఉన్నాడు. నాకు టీ వద్దనిపించింది.

క్యాసెట్ తిరిగివ్వడానికి నేరుగా మగ్గం ఇంటికి వెళ్లాను.

"చెప్పినవా?"

"చెప్పిన."

"నవ్విన్రా?"

"నవ్విన్రు."

వాడు ఆశ్చర్యపోలేదు. "నోటితోటి చెప్తే నవ్వుతరు. రాయి. నా పేరు వెయ్యకు, నీ పేరు గూడ వద్దు. స్క్రూ సంగతి రాయి చాలు."

అందుకే రాస్తున్నాను. సిద్దిపేటలో ఆ క్యాసెట్ నకలు కొన్నవాళ్లెవరైనా ఇది చదివితే తెలుసుకోండి. మీరు విన్న వేగం వాళ్లది కాదు, నాది. ఆ గాయకుడు ముసలివాడయ్యాడు, ఊపిరి తరిగింది, అయినా తన శ్రుతిలోనే పాడాడు. మాలో ఒకడు వాయించిన గిటార్ తప్పు కాదు. తప్పని అన్నవాడికి అప్పుడే తెలుసు.

ఇది రాశాక వాడికి చదివి వినిపించాను. మగ్గం ఆపకుండానే విన్నాడు. గిటార్ దగ్గర మాత్రం ఒక్కసారి చేయి ఆగింది. ఏమైందది అని ఈసారి అడిగాను. "గది అడగకు," అన్నాడు. అడగలేదు. ఆదివారాలకు వస్తావా అంటే తల అడ్డంగా ఊపాడు. నేను లేచి గుమ్మం దగ్గరికి వెళ్లాక వెనకనుంచి అన్నాడు.

"గా కొత్తదాంట్ల నాలుగో పాట మాత్రం నాకు నచ్చలే. ఊకెనే సాగదీసిన్రు."

ఆల్బమ్ మొత్తంలో నాకు నచ్చింది ఆ నాలుగో పాటే. ఊరుకుందామనుకున్నాను. కానీ వాడితో ఇంకెప్పుడూ నటించదలుచుకోలేదు.

"నీకు తెల్వదు, గదే అన్నిట్ల మంచి పాట," అన్నాను.

వాడు పోగు వదిలేసి నావైపు తిరిగాడు. "ఏడ మంచిగుందిరా? చెప్పు, ఏడ మంచిగుందో చెప్పు."

నేను చెప్పులు మళ్లీ విడిచి లోపలికి వచ్చి కూర్చున్నాను.