భయపడమన్న చెన్నమ్మక్క

నిన్న పొద్దున వంటింట్లో కందిబేడలు చెరుగుతుంటే కిటికీలోంచి రాతిపొడి వాసన వచ్చింది. మా వీధి చివర ఎవరో ఇల్లు కట్టుకుంటూ బోరు వేయిస్తున్నారట. పొడిగా, వేడిగా, కాలిన సున్నం లాంటి వాసన. చేట కింద పెట్టి అలాగే నిలబడిపోయాను. నీళ్లు తగిలితే ఆ వాసన మారుతుంది. తడిసిన మట్టీ ఇనుమూ కలిసిన వాసన వస్తుంది. కళ్లు మూసుకుని ఇంట్లో కూర్చున్నా ఆ తేడా నాకు తెలుస్తుంది. నేను కోరి నేర్చుకున్న విద్య కాదిది. 2000 నుంచి 2003 దాకా మా తోటలో నాలుగుసార్లు బోరుబండి పక్కన నిలబడి నేర్చుకున్నాను. ఆ నాలుగుసార్లూ నా పక్కన ఉన్న మనిషి చెన్నమ్మక్క.

మాది బుక్కరాయసముద్రం నుంచి తొమ్మిది కిలోమీటర్లు లోపలికి ఉన్న పల్లె. మాకు ఐదెకరాల చీనీ తోట ఉండేది. చీనీ అంటే బత్తాయి. చెట్లు ఐదు వందల పది. గట్టుకు అవతల చెన్నమ్మక్కకు మూడెకరాలు, మూడు వందల చెట్లు. ఆమె మాకు బంధువు కాదు. నాకంటే పన్నెండేళ్లు పెద్ద. భర్త ఎప్పుడో పోయాడు. ఒక్కతే కూతురు, ధర్మవరంలో మగ్గాలున్న ఇంటికి ఇచ్చింది. పొట్టి మనిషి. ఎవరి ముందైనా ఒకటే గొంతుతో మాట్లాడేది.

1997, 98లో చీనీకి మంచి ధర పలికింది. వ్యాపారులు మమ్మల్ని అనంతపురం మార్కెట్టు దాకా రానివ్వకుండా తోటలోకే వచ్చి, కాయ చెట్టు మీద ఉండగానే బేరం చేసుకుని పోయేవారు. మా ఆయన ఓబులేసు ఆ రెండేళ్లలో మిద్దె మీద మిద్దె కట్టాడు, మోటారుసైకిలు కొన్నాడు. వేరుశనగ వేసే చేలన్నీ చీనీ తోటలయ్యాయి. తోట పెట్టిన ప్రతివాడూ ఒక బోరు వేశాడు. కింద ఉన్న నీళ్లు అందరివీ ఒకటేనని తెలియనివాళ్లు లేరు, కానీ ఆ మాట ఎవరూ పైకి అనేవారు కాదు. మా గృహప్రవేశం నాడు భోజనాలయ్యాక నేను విస్తళ్లు తీస్తుంటే చెన్నమ్మక్క దగ్గరికి వచ్చింది.

"ఏమ్మే సావిత్రీ, నీకు భయం కాలేదా?"

"దేనికక్కా?"

"ఇంత బాగుండాదే, దానికి."

నేను నవ్వాను. "అందరూ సంతోషంగా ఉంటే నువ్వు భయమంటాండావే."

"నాకైతే అయితాంది. పోయినేడు మా మోటరు పొద్దంతా పోసింది. ఈయేడు మధ్యాన్నానికే గాలి కొడతాంది. మీదెట్లుండాదో పోయి చూడు. చూసేకి భయమైతే మటుకు కచ్చితంగా చూడల్ల."

మరునాడు పోయి చూశాను. మాదీ అంతే. మా ఆయనకు చెబితే, "ఆయమ్మకు మంచిలో కూడా చెడే కనపడతాది" అన్నాడు. లెక్కలు రాసిపెట్టుకునే అలవాటు నాకు పుట్టింటి నుంచే ఉంది. అయితే చూడటానికి భయమేసే లెక్కనే అన్నిటికంటే ముందు వేయాలన్నది ఆమె దగ్గర నేర్చుకున్నాను.

2000 వేసవికి మా పాత బోరు ఎండింది. కొత్తది వేశాం. 280 అడుగుల్లో ఇంచున్నర ధారగా నీళ్లు పడ్డాయి. ఏడాది తిరగకుండా అవి అరయించుకు తగ్గాయి. రెండోది 410 అడుగులు, పొడి. మూడోది 460, పొడి. నాలుగోది 2003 ఫిబ్రవరిలో. మా వైపు ఒక ఆచారం ఉంది. బోరు వేసే రోజు ఇంటి ఆడమనిషి బండికి పసుపు కుంకుమ పెట్టి, నీళ్లు పడేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా అక్కడే నిలబడాలి. ఆ రోజు మధ్యాహ్నానికి తెల్లటి పొడి లేచి చెట్ల మీదా నా తల మీదా పేరుకుంది. బండి మేస్త్రీ ఆపమంటారా అన్నట్టు చెయ్యి ఊపిన ప్రతిసారీ మా ఆయన "ఇంకో రెండు రాడ్లు దించప్పా" అనేవాడు. కూలి అడుగు లెక్కన. అక్కడ ఆపితే అంతదాకా పెట్టింది పోయినట్టే. ఇంకాస్త దించితే నీళ్లు ఉన్నా ఉండవచ్చు. మా పల్లెలో ఇళ్లు కూలింది ఆ రెండు రాడ్ల దగ్గరే.

చెన్నమ్మక్క కొంగు చాటున గిన్నెలో సంగటి తెచ్చింది. "రెండు ముద్దలు తిను మే. నువ్వు తింటే రాయేమన్నా అలుగుతాదా?"

"అందరూ చూస్తాండారక్కా."

"చూడనీ. వాళ్లంతా తినే వచ్చినారు."

520 అడుగుల దగ్గర బండి ఆపారు. పొడి.

ఆ తర్వాతి నెలలో ఆమె తన తోటలో సగం చెట్లు కొట్టించింది. అవన్నీ కాయ పట్టిన చెట్లు. గట్టు మీద జనం చేరారు. "కాయలుండే చెట్టు మీద గొడ్డలి వేస్తావా అక్కా?" అన్నాడు మా ఆయన.

"అన్నిటికీ ఇన్నిన్ని పోస్తే అన్నీ చస్తాయి ఓబులేసూ. ఉండే నీళ్లు సగానికి చాలతాయి."

గుంపులోంచి ఒకాయన, "నీళ్లు చాలకుంటే ఇంకో బోరు వేసుకోవల్ల గానీ" అన్నాడు.

"నువ్వెన్ని వేసినావప్పా?"

"ఆరు."

"ఎన్నిట్లో పడినాయి?"

జనం నవ్వారు. ఆయన తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు. మొదటి దెబ్బ చెన్నమ్మక్కే వేసింది. తర్వాత గొడ్డలి కూలివాళ్లకు ఇచ్చి, మాకు వీపు పెట్టి కూర్చుంది. పచ్చి కొమ్మల వాసన మా ఇంటి దాకా వచ్చింది.

మా ఆయన మాత్రం ఐదో బోరుకు సిద్ధమయ్యాడు. ఈసారి మిద్దె కాగితాలు కుదువపెట్టి అప్పు తెచ్చాడు. శుక్రవారం బండి వస్తుందన్నాడు. అప్పటికే ఆయన మాట తగ్గిపోయింది. పిలిస్తే రెండోసారికి గానీ పలికేవాడు కాదు. ఆ ఏడాది చుట్టుపక్కల పల్లెల్లో తోటకు కొట్టే మందు తాగి మనుషులు పోతున్నారు. ఒక ఇంట్లో అలా జరిగిందని తెలిస్తే, మిగతా ఇళ్లలో ఆడవాళ్లు మాట్లాడకుండా షెడ్డుకు పోయి డబ్బా ఉన్నచోట ఉందో లేదో చూసుకునేవారు. పైకి అంటే జరుగుతుందేమోనని అందరికీ భయం. నేను శివరాత్రి ముందే మా డబ్బాను కొట్టం వెనక పూడ్చేశాను. అయినా ఆయన తోట నుంచి రావడం కాస్త ఆలస్యమైతే మిద్దె ఎక్కి నిలబడేదాన్ని. చివరికి బుధవారం చెన్నమ్మక్కకు డబ్బా సంగతి చెప్పాను. ఏం కాదులే అంటుందనుకున్నాను.

"భయపడు మే," అంది. "భయపడాల్సిందే ఇది. కానీ నీ కడుపులోనే పెట్టుకొని భయపడితే వానికెట్ల తెలుస్తాది?"

గురువారం పొద్దున్నే మా గడప దగ్గరికి వచ్చింది. మా ఆయన టీ తాగుతున్నాడు.

"ఓబులేసూ, మందు డబ్బా యాడ పెట్టినావప్పా?"

"షెడ్డులో ఉండాది. ఎందుకక్కా?"

"తెచ్చియ్యి. నా చెట్లకు పురుగు పట్టింది."

ఆయన లేచి వెళ్లాడు. షెడ్డులో తట్టలు జరిపిన చప్పుడు కాసేపు వినిపించి ఆగిపోయింది. తిరిగి వచ్చి గుమ్మంలో నిలబడి నా వైపు చూశాడు.

"నువ్వు తీసినావా?"

"తీసినా."

"ఎప్పుడు?"

"శివరాత్రి ముందర."

"నేనంత పనికిమాలినోన్నా నీకు?" నాకంటే ముందు చెన్నమ్మక్కే చెప్పింది.

"పనికిమాలినోడు అనుకుంటే ఎందుకు దాస్తాది? పోతే పోనీలే అని ఊరికే ఉండును. ఇది అన్నం తింటాందో లేదో చూసినావా నువ్వు? నీకు బోరంటే భయం లేదు, అప్పంటే భయం లేదు. ఆ భయమంతా ఇదొక్కతే మోస్తాంది. సగం నువ్వు తీసుకో."

ఆయన గడప మీద కూర్చున్నాడు. "చెట్లకు పురుగు పట్టిందంటివే" అన్నాడు.

"యాడ పట్టింది. నీళ్లు లేక చస్తాంటే పురుగు కూడా రాలేదు."

ఆయన నవ్వబోయి ఏడ్చాడు. పెళ్లయ్యాక ఆయన ఏడవడం నేను చూసింది అప్పుడే.

శుక్రవారం బండి వచ్చింది. రోడ్డు దాకా పోయి తిప్పి పంపాడు. ఇచ్చిన బయానా పోయింది. ఆ పైవారం సున్నం బొక్కెన పట్టుకుని తోటలోకి వెళ్లాడు. కొట్టాల్సిన చెట్టుకు గుర్తు పెట్టడానికి చెయ్యి రాక, ఉంచాల్సిన వాటికి పెట్టాడు. నూట డెబ్బై ఉంచితే నూట పన్నెండు బతికాయి. తెచ్చిన అప్పు వెనక్కి కట్టేశాం, మిద్దె నిలబడింది.

చెన్నమ్మక్క తోట నిలబడలేదు. 2004 వేసవిలో ఆమె బోరు పూర్తిగా ఆగిపోయింది. ఉంచుకున్న సగమూ నిలువునా ఎండింది. మా అరయించు నీళ్లలో భాగం ఇస్తామంటే, "రెండు తోటలూ చచ్చేకా?" అని కసిరింది. భూమి అమ్ముకుని ధర్మవరం పోయే రోజు బస్సు దగ్గర నేను ఏడిస్తే, "నేను భయపడిందే అయింది మే. ముందే చూసుకుంటి గదా, కొత్తగా ఏమీ లేదు" అంది. అది ధైర్యమో, అలసటో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. నాలుగేళ్లకు ఆమె పోయిందని కూతురు కబురు పెట్టింది.

2009లో మా ఆయనకు బెంగళూరులో గుండె ఆపరేషన్ జరిగింది. తర్వాత తొమ్మిదేళ్లు బతికాడు. ఇప్పటికీ నాకు ఎక్కువగా గుర్తుకొచ్చేది, లోపలికి తీసుకుపోయే ముందు చక్రాల మంచం మీద ఆయనను పడుకోబెట్టిన ఆ కాసేపే. మా కూతురూ అల్లుడూ చెరోపక్క నిలబడి ఏం కాదు, ఏం కాదు అంటున్నారు. ఆయన వాళ్లను దాటి నన్ను వెతికి, నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"సావిత్రీ, నాకు భయమైతాంది."

ఏం కాదని నేను అనలేదు. "నాకూ అయితాంది" అన్నాను. బిగిసిన ఆయన వేళ్లు కాస్త వదులయ్యాయి. తలుపు దాకా ఆ మంచం పక్కనే నడిచాను.