జనవరిలో చెమట

ఆ ఉదయం చలికి ఢిల్లీ మెట్రో పెట్టెలో అందరూ స్వెటర్లలో ముడుచుకుని కూర్చున్నారు. ద్వారకలో ఎక్కిన నాకు ఎదురుగా ఉన్న కుర్రాడు మాత్రం చెమటతో తడిసిపోయి, పళ్లు కొరుకుతూ వణుకుతున్నాడు.

పక్కనున్న ఆంటీ జాలిపడి, "ఠండ్ లగ్ గయీ, బేటా" అంటూ, చలి పట్టిందనుకుని తన శాలువా అతనికి చుట్టింది.

"అమ్మా, ఉడికిపోతున్నా" అని తెలుగులో గొణిగాడు.

నేను లేచి శాలువా లాగేశాను. ఆంటీ నన్ను కొట్టేలా చూసింది. అతని నుదురు ముట్టుకుంటే పెనంలా కాలుతోంది.

"నేను నర్సుని. తిట్టను. ఏం తీసుకున్నావు నాన్నా?"

"ఎండీ, అక్కా. ఆ తెల్లపొడి డ్రగ్గు. కిక్కు దిగిపోతోంది. ఇంకొంచెం వేస్తే సెట్ అయిపోతా." జేబులో చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి పట్టుకున్నాను.

"దిగింది కిక్కు ఒక్కటే. ఆ పొడి ఇంకా నీ గుండెని పరిగెత్తిస్తూనే ఉంది, ఒంట్లో వేడి పెంచుతూనే ఉంది. మళ్లీ వేస్తే గుండె ఆగిపోవచ్చు."

సరేనన్నట్టు తలూపాడు. చెయ్యి వదిలి, తలుపు పక్కనున్న ఎమర్జెన్సీ బటన్ నొక్కి వచ్చాను.

తర్వాతి స్టేషన్లో దింపి ప్లాట్‌ఫాం మీద పడుకోబెట్టాం. ఆంటీ అదే శాలువా నీళ్లతో తడిపి అతని మెడకి అద్దుతోంది. స్ట్రెచర్ వచ్చేసరికి అతని పిడికిలి విడిపోయింది. లోపల ఖాళీ కవరు.

"మీరు బటన్ దగ్గరికి వెళ్లినప్పుడు వేసుకున్నా, అక్కా."

ఇప్పుడైతే బటన్ నొక్కమని పక్కవాళ్లకి చెబుతాను. పట్టుకున్న చెయ్యి వదలను.