కిటికీలో గ్లాసు

రూతమ్మ ఊడుస్తుంటే చీపురుతో నేలను కొడుతున్నట్టే ఉంటుంది. బోధన్‌లోని ఆ ప్రైవేటు కాలేజీలో ఊడ్చేదీ, టీ కాసేదీ ఆమే. స్టాఫ్‌రూములో అందరికీ పింగాణీ కప్పులు. ఆమె స్టీలు గ్లాసు మాత్రం పన్నెండేళ్లుగా కిటికీలో విడిగా ఉంటుంది.

ఆ రోజు తెలుగు లెక్చరర్ గోపీచంద్ రెండు కథల్లోని పనిమనుషులను పోల్చి చెబుతుంటే రూతమ్మ వరండాలో ఊడుస్తూ విన్నది. పాత కథలో పనిమనిషి తనకు పెట్టిన వేరే గ్లాసులో తాగి ఊరుకుంటుందట. కొత్త కథలో పనిమనిషి ఆ గ్లాసును విసిరికొడుతుందట. "కాలం మారింది" అంటూ ఆయన పాఠం ముగించాడు. తర్వాత స్టాఫ్‌రూముకు వచ్చి టీ అడిగాడు. రూతమ్మ కిటికీలోని గ్లాసు తీసి, నిండా పోసి ఆయన ముందు ఠక్కున పెట్టింది. ఆయన చెయ్యి సగం దూరం వెళ్లి ఆగిపోయింది.

"ఇది నీ గ్లాసు కదమ్మా?"

"నాదే. కాలం మారిందంటిరి గద సారూ, తాగుండ్రి."

ఆయన కప్పులో తను పోసుకుని, ఎదురుగా నిలబడి, ఊదుకుంటూ తాగింది.